ఆపదకు ముందే నిండాల్సిన హుండీ

2020 జులై మొదటి వారం. బంగ్లాదేశ్ ఉత్తరాన కురిగ్రామ్, గాయిబంధా, జమాల్‌పూర్ జిల్లాల్లో జనం ఆకాశం కంటే ఎక్కువగా నది వంకే చూస్తున్నారు. అక్కడ దాన్ని జమునా అంటారు. అస్సాం దాటొచ్చిన బ్రహ్మపుత్రే అది. దాని మధ్య ఇసుక మేటవేసిన లంకల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లకు వరద కొత్త కాదు. ఆ ఏడాది కొత్త సంగతల్లా వరద కంటే ముందే డబ్బు రావడం. పెద్ద ముంపు ఇంకా దారిలో ఉండగానే 23 వేలకు పైగా కుటుంబాల ఫోన్లలో, బీకాష్ ఖాతాల్లో, 4,500 టాకాల చొప్పున పడ్డాయి. అప్పటి మన రూపాయల్లో నాలుగు వేల దాకా. మన ఊళ్లలో ఫోన్‌పే ఎలాగో అక్కడ బీకాష్ అలాగ.

ఎక్కువమంది ఆ డబ్బుతో బియ్యం, పప్పు కొనిపెట్టుకున్నారు. ఇంకొన్ని ఇళ్లకు పశువుల దాణా వచ్చింది. విత్తనాలు, పనిముట్లు తడవకుండా దాచుకోవడానికి నీరు చొరబడని డ్రమ్ములు వచ్చాయి. ఆడవాళ్లకు సబ్బులు, ప్యాడ్లు ఉన్న సంచులు అందాయి. చూడ్డానికి చిన్న విషయాలే. లంకలో నడుము లోతు నీళ్లు నిలిచాక గేదెకు గడ్డి ఎక్కణ్నుంచి తెస్తారు? మేత దొరక్క, వచ్చిన ధరకు గేదెను అమ్మేసుకున్న ఇల్లు మళ్లీ లేవడానికి ఏళ్లు పడుతుంది. దాణా బస్తా ఒక వారం ముందు వస్తే ఆ గేదె ఇంట్లోనే ఉంటుంది.

ఇంతా చేస్తే అయిన ఖర్చు 52 లక్షల డాలర్లు. దాదాపు 2 లక్షల 20 వేల మందికి సాయం అందింది. తర్వాత పరిశోధకులు డబ్బు అందిన కుటుంబాలనూ, అదే ప్రాంతంలో అందని కుటుంబాలనూ పోల్చి చూశారు. వరద రోజుల్లో ఒక పూర్తి రోజు పస్తుండే పరిస్థితి డబ్బు అందిన ఇళ్లలో 36 శాతం తక్కువ. మూడు నెలల తర్వాత చూసినా ఆ ఇళ్లలో పెద్దలకూ పిల్లలకూ తిండి కాస్త మెరుగ్గానే ఉంది. అధిక వడ్డీకి అప్పు చేయడమూ తగ్గింది. ఒక్కసారి ఇచ్చిన నాలుగు వేల రూపాయలకు ఇంత ఫలం వచ్చిందంటే, ఆ గొప్ప మొత్తానిది కాదు, తేదీది.

ఆ తేదీకి డబ్బు ఎలా సిద్ధంగా ఉంది? ఎవరో టీవీలో వరద చూసి చలించి పంపింది కాదది. అప్పటికి టీవీలో చూపించడానికి ఏమీ లేదు కూడా. అది ఐక్యరాజ్య సమితి నడిపే కేంద్ర అత్యవసర స్పందన నిధి నుంచి వచ్చింది. సహాయరంగంలో పనిచేసేవాళ్లు పొట్టిగా 'సెర్ఫ్' అంటారు. ప్రపంచంలో ఎక్కడ ఏ ఆపద వస్తుందో తెలియకముందే దేశాలు డబ్బు వేసిపెట్టే ఉమ్మడి హుండీ అది.

జోలె పట్టే రోజులు

తెలుగువాళ్లకు అత్యవసర నిధి అంటే మొదట గుర్తొచ్చేది జోలె. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచేశాక ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు. అంతకు పాతికేళ్ల ముందు రాయలసీమ కరువుకూ ఎన్టీఆర్ జోలె పట్టారు. ఆడవాళ్లు వేళ్ల ఉంగరాలు తీసి వేశారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మనసును తక్కువ చేయనక్కర్లేదు. కాకపోతే జోలెలో పడే డబ్బు గుండె కదిలినంతే పడుతుంది. గుండె కదలాలంటే ముందు శవాలు కనిపించాలి.

ప్రపంచ సహాయరంగమూ చాలాకాలం ఈ పద్ధతిలోనే నడిచింది. కరువో యుద్ధమో వస్తే ఐరాస ఒక విజ్ఞప్తి పత్రం విడుదల చేస్తుంది. ధనిక దేశాలు అది చదివి, తమ పార్లమెంట్లలో మాట్లాడుకుని, తమకు నచ్చిన దేశానికి నచ్చిన పనికి డబ్బిస్తాయి. ఈలోపు జరగాల్సింది జరిగిపోతుంది. 1991 డిసెంబర్‌లో ఐరాస జనరల్ అసెంబ్లీ ఒక మార్గం కనిపెట్టింది. 5 కోట్ల డాలర్లతో ఒక నిధి పెట్టి, ఆపద రాగానే ఐరాస సంస్థలు అందులోంచి తీసుకుని, దాతల డబ్బు వచ్చాక తిరిగి కట్టాలంది. అంటే చేబదులు. ఇక్కడే చిక్కొచ్చింది. దాతలు ఇస్తారన్న నమ్మకం ఉన్న చోటికే సంస్థలు ధైర్యంగా చేబదులు తీసుకున్నాయి. ఎవరూ పట్టించుకోని దేశానికి అప్పు తెస్తే తీర్చేదెవరు? డబ్బు ఎక్కడ అత్యవసరమో అక్కడికే ఆ నిధి వెళ్లలేకపోయింది.

ఈ లోటును ప్రపంచానికి కొట్టొచ్చినట్టు చూపింది 2004 డిసెంబర్ 26 సునామీ. మన కోస్తాలోనూ వందమందికి పైగా ప్రాణాలు తీసిన సునామీ అది. ప్రపంచం కదిలిపోయింది. డబ్బు ఎంత వెల్లువెత్తిందంటే, సరిహద్దులు లేని వైద్యుల సంస్థ 'ఇక సునామీ కోసం పంపకండి, మా దగ్గర సరిపడా ఉంది' అని దాతలకు చెప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత లెక్కలు తీసినవాళ్లు తేల్చిందేమిటంటే, సునామీ బాధితుడు ఒక్కొక్కరికి 7,100 డాలర్లకు పైగా అందుబాటులోకి వచ్చింది. అదే 2004లో బంగ్లాదేశ్ వరద బాధితులకు తలకు 3 డాలర్లు. రెండూ నీళ్లే, రెండూ ఆసియాలోనే. తేడా కెమెరాలది. సెలవుల్లో విదేశీ పర్యాటకులు నిండిన సముద్రతీరాల మీద సునామీ విరుచుకుపడింది.

సరిగ్గా అప్పుడే సహారా ఎడారి అంచున నైజర్ దేశంలో ఇంకో కథ నడుస్తోంది. 2004లో వానలు మొహం చాటేశాయి, మిగిలిన పంటను మిడతలు తిన్నాయి. ఆ ఏడాది చివర్లోనే హెచ్చరికలు వెళ్లాయి. స్పందన దాదాపు సున్నా. 2005 జులైలో బీబీసీ తెర మీద ఎముకల గూళ్లైన పిల్లలు కనిపించాకే డబ్బు కదిలింది. అప్పుడు ఐరాస సహాయ విభాగాధిపతిగా ఉన్న యాన్ ఎగెలాండ్ బాహాటంగానే లెక్క చెప్పారు. ముందే స్పందించి ఉంటే ఒక్కో బిడ్డ పోషణకు రోజుకు ఒక డాలర్‌తో సరిపోయేది, ఇప్పుడు ఒక్కో ప్రాణం నిలబెట్టడానికి 80 డాలర్లు అవుతోంది అని.

సునామీ ఇచ్చిన సిగ్గూ నైజర్ ఇచ్చిన సిగ్గూ కలిసి పనిచేశాయి. 2005 డిసెంబర్ 15న జనరల్ అసెంబ్లీ పాత చేబదులు నిధికి తిరిగి కట్టనక్కర్లేని గ్రాంటును జోడించింది. 2006 మార్చిలో కోఫీ అన్నన్ హయాంలో సెర్ఫ్ ఇప్పటి రూపంలో మొదలైంది. మన పార్లమెంటు చేసిన విపత్తు నిర్వహణ చట్టానికి ఆమోదముద్ర పడిందీ ఆ డిసెంబర్‌లోనే, 23న. మన దగ్గర ముందే వేసిపెట్టే నిధి ఆలోచన ఇంకా పాతది. 1990 నుంచే కేంద్రం 75 పాళ్లు, రాష్ట్రం 25 పాళ్లు వేసి రాష్ట్రాల ఖాతాల్లో విపత్తు సాయం నిధి ఉంచేవి. ఇప్పుడు తుపాను హెచ్చరిక రాగానే కలెక్టర్లు శిబిరాలు తెరవగలుగుతున్నారంటే అందులో ఆ ఖాతాకూ పాలుంది. ప్రపంచానికి అలాంటి ఖాతా ఇరవై ఏళ్ల కిందటే వచ్చింది. వచ్చిందే గానీ, ఎప్పుడూ నిండలేదు.

ఎవరి సంతకంతో కదులుతుంది

2023 ఫిబ్రవరి 6 తెల్లవారుజామున తుర్కియే, సిరియాలను భూకంపం కుదిపేసింది. మర్నాడే సెర్ఫ్ నుంచి 2.5 కోట్ల డాలర్లు విడుదలయ్యాయి. 2015 ఏప్రిల్‌లో నేపాల్ కంపించినప్పుడు 1.5 కోట్ల డాలర్లు ఇలాగే వెంటనే వెళ్లాయి. శిథిలాలు తొలగించే యంత్రాలకు, టార్పాలిన్లకు, క్లోరిన్ మాత్రలకు ఆర్డరివ్వాలంటే సంస్థకు ఏదో ఒక డబ్బు ఖాయంగా చేతికొస్తుందన్న భరోసా కావాలి. మిగతా దాతలు రావడానికి పట్టే వారాల్ని ఈ డబ్బు పూడుస్తుంది.

పద్ధతి ఇలా ఉంటుంది. ఆపద వచ్చిన దేశంలో ఐరాస తరఫున ఒక సమన్వయకర్త ఉంటారు. ఆహారం చూసే సంస్థ, పిల్లల సంస్థ, శరణార్థుల సంస్థ, ఆరోగ్య సంస్థ ఆయన బల్ల చుట్టూ కూర్చుంటాయి. ఎవరి చిట్టా వాళ్లది. అందరి అవసరాలూ కలిపితే వంద వస్తే, అడగ్గలిగేది పదే. ప్రాణం నిలబెట్టే పని ఏది, ఆగగలిగే పని ఏది అని అక్కడే కోత పడాలి. స్కూళ్లు, ఉపాధి లాంటివి సాధారణంగా ఆ బల్ల మీదే జారిపోతాయి. మిగిలిన జాబితా న్యూయార్క్ వెళ్తే అక్కడ అత్యవసర సహాయ సమన్వయాధిపతి సంతకం చేస్తారు. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నది బ్రిటిష్ దౌత్యవేత్తగా పనిచేసిన టామ్ ఫ్లెచర్. జనరల్ అసెంబ్లీ చర్చలుండవు, భద్రతామండలి వీటోలుండవు. ఐరాసలో ఇంత వేగంగా కదిలే డబ్బు అరుదు.

ఈ హుండీకి రెండో అర కూడా ఉంది. లోకం మర్చిపోయిన సంక్షోభాల కోసం ఏటా రెండు విడతలుగా కొంత పంచుతారు. నా దృష్టిలో సెర్ఫ్‌కు అసలు విలువ తెచ్చేది ఇదే. భూకంపానికి ఎలాగూ ఎవరో ఒకరు వస్తారు. మధ్య ఆఫ్రికాలో పదేళ్లుగా సాగుతున్న వలసకు ఎవరొస్తారు? అయితే ఈ విడతల్లోనే హుండీ చిక్కిపోవడమూ బాగా కనిపిస్తుంది. 2023 ఫిబ్రవరిలో ఒకే విడతలో 25 కోట్ల డాలర్లు పంచారు, అప్పటికి అదే అతి పెద్దది. మరుసటేడు అదే నెలలో 10 కోట్లు. 2025 మార్చిలో 10 దేశాలకు కలిపి 11 కోట్లు, అందులో మూడో వంతు సుడాన్‌కూ దాని పొరుగున ఉన్న చాద్‌కూ పోయింది.

సోమాలియా చెప్పే లెక్క

ముందస్తు డబ్బుకు ఇంత పట్టుబట్టడం దేనికంటే సోమాలియా చూడాలి. 2010 ఆఖరులో వానలు పడలేదు. కరువు హెచ్చరికలు ఆ ఏడాది నుంచే ఒకదాని తర్వాత ఒకటి వెలువడ్డాయి. దక్షిణ సోమాలియా చాలావరకు అప్పుడు అల్ షబాబ్ అనే సాయుధ ముఠా చేతిలో ఉంది. ఆ ప్రాంతానికి డబ్బిస్తే ఉగ్రవాదుల చేతిలో పడుతుందేమోనని దాతలు వెనకాడారు. ఐరాస 'ఇది క్షామం' అని ప్రకటించింది 2011 జులై 20న. ఆ మాట వినగానే డబ్బు వచ్చింది. ఆ క్షామంలో మొత్తం చనిపోయినవాళ్లు 2 లక్షల 58 వేల మంది అని తర్వాత తేలింది. వాళ్లలో సగానికి పైగా ఐదేళ్లలోపు పిల్లలు. మొత్తం మరణాల్లో దాదాపు సగం ఆ ప్రకటన వెలువడేసరికే జరిగిపోయాయి.

2022 చివరికి అదే దేశంలో వరసగా ఐదు వాన కార్లు విఫలమయ్యాయి. ఈసారి సెర్ఫ్ ముందుగా కొంత విదిల్చింది, తర్వాత పెద్ద దాతలూ కదిలారు. క్షామం ప్రకటించాల్సిన స్థితి రాలేదు. దాన్ని విజయమని చెప్పుకున్నవాళ్లున్నారు. కానీ ఆ ఒక్క ఏడాదిలో కరువు వల్ల అదనంగా 43 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా. క్షామం అన్న ముద్ర పడకపోవడం వేరు, జనం చావకపోవడం వేరు.

ఫ్యాను రెక్క మీద పేరు

2016లో జనరల్ అసెంబ్లీయే సెర్ఫ్‌కు ఏటా 100 కోట్ల డాలర్ల లక్ష్యం పెట్టింది. ఇంతవరకూ ఒక్క ఏడాదీ అందుకోలేదు. 130కి పైగా దేశాలు ఎప్పుడో ఒకప్పుడు ఇందులో డబ్బు వేశాయి, భారత్ కూడా వేసింది. సింహభాగం మాత్రం జర్మనీ, నార్వే, స్వీడన్, నెదర్లాండ్స్, బ్రిటన్ లాంటి పదీ పన్నెండు దేశాలదే.

ఎందుకు నిండదు? మన ఊరి గుళ్లో సీలింగ్ ఫ్యాను చూడండి. రెక్క మీద ఎర్ర పెయింటుతో దాత పేరు, తండ్రి పేరు, ఊరు. ఫ్యాను తిరుగుతుంటే చదవలేకపోయినా రాయించడం మాత్రం మానరు. హుండీలో వేసిన నోటు మీద అలా పేరు రాయలేం. ప్రభుత్వాలకూ అదే బాధ. సొంతంగా పంపిన బియ్యం బస్తా మీద జెండా అచ్చవుతుంది, విమానం దిగుతున్న ఫొటో ఇంటి పేపర్లలో వస్తుంది, ఓటేసినవాడికి చూపించుకోవచ్చు. ఉమ్మడి నిధిలో కలిసిన డబ్బు ఏ బస్తాగా మారిందో చెప్పడం ఎవరివల్లా కాదు. ఇంకోటి కూడా ఉంది. తన డబ్బు తనకు పడని దేశానికి వెళ్లొచ్చన్న భయం.

2025 డిసెంబర్ చివర్లో జరిగిన ముచ్చట ఈ విషయంలో చూడదగ్గది. అంతకు ముందు జనవరి నుంచే అమెరికా విదేశీ సాయాన్ని ఆపేసి, నెలల వ్యవధిలో తన సహాయ సంస్థనే మూసేసింది. ఒకప్పుడు ఏటా 1,700 కోట్ల డాలర్ల దాకా మానవతా సాయం ఇచ్చిన దేశం అది. ఏడాది చివరికి జెనీవాలో 200 కోట్ల డాలర్లు ప్రకటించింది. ఆ మొత్తాన్నీ ఒక్కో సంస్థకూ విడివిడిగా ఇవ్వకుండా ఐరాస ఉమ్మడి నిధుల దారిలో ఇస్తానంది. ఇరవై ఏళ్లుగా ఉమ్మడి నిధి కావాలని అడిగినవాళ్లు కోరుకున్నదదే అనిపిస్తుంది. తీరా చూస్తే ముందే 17 దేశాల జాబితా జతపరిచి ఉంది. అందులో అఫ్గానిస్థాన్ లేదు, పాలస్తీనా లేదు. హుండీలో నోటు వేసి, దీంతో ఫలానా వాళ్లకు మాత్రం ప్రసాదం పెట్టకూడదని పూజారికి చీటీ ఇచ్చినట్టుంది. డబ్బు వద్దనే స్థితిలో ఐరాస లేదు. 2025లో ప్రపంచమంతా కలిసి దాని విజ్ఞప్తులకు ఇచ్చింది 1,200 కోట్ల డాలర్లు, పదేళ్లలో అతి తక్కువ. 2026కు అత్యవసరమంటే ఇంతకు తగ్గదని అడుగుతున్నది 2,300 కోట్లు, 8.7 కోట్ల మంది కోసం. అవసరంలో ఉన్నవాళ్లు అంతమందే అనుకోకండి. జాబితాను కోసుకుంటూ కోసుకుంటూ వస్తే అక్కడ ఆగింది.

ఖార్తూమ్ వంటిళ్లు

సెర్ఫ్‌తో పాటు దేశాలవారీ ఉమ్మడి నిధులు కూడా ఉన్నాయి. యెమెన్, సిరియా, దక్షిణ సుడాన్, ఉక్రెయిన్, కాంగో లాంటి సుమారు ఇరవై చోట్ల. సెర్ఫ్ డబ్బు ఐరాస సంస్థలకే వెళ్తుంది, వీటి డబ్బు స్వచ్ఛంద సంస్థలకూ నేరుగా వెళ్లొచ్చు. కాగితం మీద ఇది పెద్ద తేడా. నేల మీద ఎంత తేడా అన్నది సుడాన్‌లో తెలుస్తుంది.

2023 ఏప్రిల్ 15న ఖార్తూమ్‌లో సైన్యానికీ పారామిలిటరీ దళానికీ యుద్ధం మొదలైంది. విదేశీ సిబ్బంది రోజుల్లో వెళ్లిపోయారు. మిగిలింది వీధుల్లోని కుర్రవాళ్లు. నాలుగేళ్ల ముందు నియంతను దించిన ఉద్యమంలో పేటపేటకూ కమిటీలు కట్టినవాళ్లే 'అత్యవసర స్పందన గదులు' అన్న పేరుతో మళ్లీ కలిశారు. ముందు పేటకొక పొయ్యి వెలిగించారు. పెద్ద గిన్నెల్లో బఠాణీ జాతి ఫూల్ గింజలు, ఎర్ర పప్పు, జొన్నపిండి సంకటి. డబ్బు బంకాక్ అనే బ్యాంకు యాప్‌లో వస్తుంది, విదేశాల్లో ఉన్న అన్నలూ మేనమామలూ పంపింది. నెట్‌వర్క్ పోతే యాపూ పోతుంది. ఆ రోజు పొయ్యి వెలగదు.

ఈ కుర్రవాళ్లకు ప్రపంచ సహాయ డబ్బు చేర్చడం ఎలా అన్నది పెద్ద తగువు. ఉమ్మడి నిధి నుంచి డబ్బు తీసుకోవాలంటే నమోదైన సంస్థ ఉండాలి, సంస్థ పేరు మీద బ్యాంకు ఖాతా ఉండాలి, ఆడిట్ లాంటివి ఉండాలి. ఏ వీధిలో కాల్పులు లేవో చూసుకుని ఉల్లిపాయలు కొనుక్కొచ్చే గుంపుకు రిజిస్ట్రేషన్ ఎక్కడ? ఇరుపక్షాల సైనికులూ వాళ్లను అనుమానంతో పట్టుకెళ్తుంటే నమోదు చేసుకోవడమే ప్రమాదం. అందుకని మధ్యలో ఒక గుర్తింపు ఉన్న సంస్థ తీసుకుని, వీళ్లకు చిన్న చిన్న మొత్తాలుగా అందించే ఏర్పాటు చేశారు. పని జరిగింది. నెమ్మదిగా, ఒక్కో చేయి మారినప్పుడల్లా కొంత నిర్వహణ ఖర్చు తరుగుతూ.

2025 జనవరిలో అమెరికా డబ్బు ఆగినప్పుడు దెబ్బ ముందు తగిలింది ఈ పొయ్యిలకే. 1,100కు పైగా వంటిళ్లు, మొత్తంలో దాదాపు 80 శాతం, మూతపడ్డాయని అప్పట్లో బీబీసీ రాసింది. దార్ఫూర్‌లో జమ్‌జమ్ శిబిరంలో 2024 ఆగస్టు నాటికే క్షామం ఖాయమైంది. ముట్టడిలో ఉన్న అల్ ఫాషిర్‌లో 2025లో జనం తిన్నది అంబాజ్. అంటే నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క. మన పల్లెల్లో ఎడ్ల కుడితిలో కలిపేది. ఆ అక్టోబర్‌లో ఊరే ముట్టడిదారుల చేతికి చిక్కింది. అదే ఏడాది ఈ గదులకు నార్వే వాళ్ల రాఫ్టో బహుమతి వచ్చింది.

దేశీయ సంస్థలకు సాయంలో నాలుగో వంతు వీలైనంత నేరుగా ఇస్తామని పెద్ద దాతలు, ఐరాస సంస్థలు 2016లో ఇస్తాంబుల్‌లో మాట ఇచ్చాయి, గడువు 2020. గడువు దాటి చాలా ఏళ్లైనా నేరుగా అందేది ఒంటి అంకె శాతంలోనే ఉంది. స్థానికులకు ఇస్తే లెక్క చెప్పగలరా అన్నది దాతలు ఎప్పుడూ వేసే ప్రశ్న. అన్యాయమైన ప్రశ్నేం కాదు, పన్ను కట్టినవాడి డబ్బది. కానీ అదే కొలత పైనున్న మెట్లకూ పెట్టాలి. ఐరాస సంస్థ తన పరోక్ష ఖర్చుల కింద 7 శాతం దాకా పట్టుకుని కింది సంస్థకు ఇస్తుంది, ఆ సంస్థ తన కార్యాలయ ఖర్చులు చూసుకుని ఇంకా కిందకి ఇస్తుంది. పొయ్యి దగ్గరున్న కుర్రాడు ఉల్లిపాయల చీటీని ఫోన్‌లో ఫొటో తీసి పైకి పంపాలి.

కోవిడ్ ఏడాది 2020లో సెర్ఫ్ ఒక మెలిక కనిపెట్టింది. వలసల సంస్థను మధ్యలో ఉంచి 2.5 కోట్ల డాలర్లు స్వచ్ఛంద సంస్థలకు అందేలా చేసింది. అంత పెద్ద ఎత్తున అలా చేయడం అదే మొదటిసారి. ఆ ఏడాదే హుండీలోంచి 84 కోట్ల డాలర్లకు పైగా బయటికి వెళ్లాయి, అదీ రికార్డే. అంటే తలుపు తెరుచుకోదని కాదు, తాళంచెవి ఎక్కడుందో తెలుసు. ఐరాస సంస్థలకే ఇవ్వాలన్న నిబంధన సెర్ఫ్ పుట్టుకతో వచ్చింది, దాన్ని పుట్టించింది జనరల్ అసెంబ్లీ తీర్మానం. వంటింటికి నేరుగా డబ్బు పంపాలంటే ఆ తీర్మానాన్ని తిరగరాయాల్సింది అక్కడ చేతులెత్తే 193 దేశాలే. ఏటా డిసెంబర్‌లో ఆ దేశాల ప్రతినిధులే సెర్ఫ్‌కు ఎంత ఇస్తామో చెప్పడానికి న్యూయార్క్‌లో సమావేశమవుతారు.